పారిసు నగరమున ఒక ఇల్లాలు



రాజులను గూర్చియు, యుద్ధములను గూర్చియు చరిత్రకారులు పెద్ద గ్రంథములు వ్రాసియున్నారు. ఒక ఇంటి గడప లోపల ఏమి జరిగెనో చెప్పువారు మాత్రము అరుదు. అట్టి అరుదైన సాక్ష్యము ఫ్రాన్సు దేశమున ఒకటి కలదు. దానిని నేడు మీకు విన్నవింపఁగోరుచున్నాను.

అది క్రీ. శ. 1393 ప్రాంతము. ఆఱవ షార్లు ఫ్రాన్సును ఏలుచుండెను. ఆంగ్లేయులతోడి నూఱేండ్ల యుద్ధము ఇంకను ముగియలేదు. పారిసు నగరమున వర్తకులు మొదలైన కలిగిన పురజనులకు బూర్జువాలని పేరు. ఆ తరగతికిఁ జెందిన వయసు మీఱిన గృహస్థొకఁడు 15 ఏండ్ల కన్యను పెండ్లాడెను. ఆమెకుఁ దల్లిదండ్రులు లేరు. పుట్టిన సీమను, చుట్టములను విడిచి వచ్చినది. పెండ్లియైన వారముననే ఆమె భర్తనొక్క కోరిక కోరెను. తాను చిన్నది గనుక తప్పులు చేయవచ్చును. వానిని పరుల యెదుటఁ గాని, ఇంటివారి యెదుటఁ గాని కఠినముగా దిద్దక, ఏకాంతమునఁ జెప్పవలెనని.

ఆ కోరికను మన్నించి అతఁడొక గ్రంథమునే వ్రాసెను. అది 1846లో అచ్చుపడినది. మెనాజియే ద పారి యను పేర నేడు ప్రసిద్ధము.

ధనికురాలనఁగా పనిలేనిదని మనము తలఁతుము. ఈమె విషయమున అది పొరపాటు. దినకూలికి వచ్చువారితోఁ బనికి ముందే కూలి తేల్చుకొనవలెను. క్రొత్త దాసి వచ్చినచో అంతకుముందు ఎవరి యింట నుండెనో, ఏల మానెనో విచారించి, ఆమె పేరును, తల్లిదండ్రుల పేర్లను లెక్కల పుస్తకమున వ్రాయింపవలెను. ఇందులకు జ్యాఁ యను కార్యస్థుఁడును, ఆనెస్ యను పెద్దామెయు తోడుందురు. తోట, వంట, పల్లెలోని పొలము, గొఱ్ఱెలు అన్నియు ఆమె కనిపెట్టవలసినవే. ఆ గ్రంథమున వంటకములే 300లకు మించియున్నవి. కాఱుకప్పు, పొగపొయ్యి, గయ్యాళి యాలు ఈ మూడును మగవానిని ఇల్లు వెడలఁగొట్టునని అతని హెచ్చరిక. పనివారిలో నొకరు జబ్బుపడినచో తక్కిన పనులన్నియు మాని తానే వారికి ఉపచారము చేయవలెనట! నాకు మిక్కిలి నచ్చిన మాట ఇది.

అయినను ఆ గ్రంథము దోషరహితమని నేననను. భర్తకు లొంగియుండుమని అతఁడు పలుమాఱు చెప్పును. యజమానిని వీడని కుక్కను మాదిరిగాఁ జూపును. బిడ్డలను తీసికొనిపోయినను పల్లెత్తు మాటనని గ్రిసెల్ద కథను చేర్చును. కాని ఆ కథ మితిమీఱిన క్రూరమని తానే యొప్పుకొని, తాను ప్రభువును గాననియు, ఆమె గొల్లపిల్ల కాదనియు సమాధానపఱచును.

మఱియొక విశేషము. తన పిమ్మట ఆమె వేఱొకని చేపట్టునని అతఁడు ముందే యెఱుఁగును. అందులకుఁ గినుక లేదు. ఆమె నేర్పును జూచి ఆ రెండవవాఁడు తన్ను మెచ్చుకొనవలెనని మాత్రమే అతని యాశ.

ఇంత గ్రంథమున ఆ బాలిక స్వయముగా వ్రాసిన పంక్తి యొక్కటియు లేదు. ఆమె హృదయము మనకుఁ దెలియవచ్చునది ఆ తొలివారపు కోరికలోనే, అదియు భర్త నోటనే. అతఁడు దానిని దాఁచక గ్రంథారంభముననే నిలిపెను. ఆఱువందల యేండ్లు గడచినవి. చిన్నవారిని పదుగురి యెదుటఁ జిన్నబుచ్చరాదన్న ఆ మాట మాత్రము నేఁటికిని పాతపడలేదు. పెద్దలైన మీరు దీనిని మనస్సున నిలుపుకొందురని నమ్ముచు సెలవు గైకొనుచున్నాను.