ముఖం మాత్రమే

2005 డిసెంబరులో కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ వికలాంగుల రిజర్వేషన్ల మీద ఒక ఉత్తర్వు ఇచ్చింది. దానికి జతచేసిన ధ్రువపత్రం నమూనాలో ఫోటో అతికించే గడి ఉంది. ఎలాంటి ఫోటో కావాలో గడిలోనే రాశారు: అభ్యర్థి వైకల్యం కనబడేది, మెడికల్ బోర్డు ఛైర్మన్ అటెస్ట్ చేసినది. అంటే పోలియో వచ్చిన కుర్రాడు స్టూడియోలో ప్యాంటు మడిచి నిలబడాలి. చెయ్యి లేని అమ్మాయి చున్నీ తీసి కూర్చోవాలి. 2009 చివర్లో వికలాంగుల చట్టం నిబంధనలు సవరించినప్పుడు కొత్త నమూనాల గడిలో మాట మారింది. ముఖం మాత్రమే, అన్నారు.

ఆ చిన్న మార్పును ఎవరూ పండగ చేసుకోలేదు. పత్రికల్లోనూ పెద్దగా రాలేదు. కానీ వికలాంగుల వివరాలను ఈ దేశం ఎలా చూసిందో చెప్పమంటే నేను ఆ గడి దగ్గరే మొదలుపెడతాను.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. మనకు దాపరికం తెలుసు, గోప్యత అంతగా తెలియదు. మతిస్థిమితం లేని కొడుకును చుట్టాలొచ్చినప్పుడు వెనక గదిలోకి పంపడం దాపరికం. అది ఇంటి గుట్టు. ఆ గుట్టు కాపాడేది ఇంటి పరువును. గదిలో ఉన్న మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. తన సంగతి ఎవరికి చెప్పాలో, ఎవరికి అక్కర్లేదో ఆ మనిషే తేల్చుకోగలగడం గోప్యత. మొదటిది తరతరాలుగా ఉంది. రెండోదానికి మన చట్టాల్లో చోటు దొరికి పదేళ్లు కూడా నిండలేదు.

అలాగని పాతకాలం వాళ్లకు ఈ స్పృహ బొత్తిగా లేదనలేం. వైద్యవిద్య మొదలుపెట్టే శిష్యుడికి గురువు చెప్పే నియమాలు చరక సంహిత విమానస్థానంలో ఉన్నాయి. రోగి ఇంట్లో చూసిన విషయాలు బయట పెట్టకూడదన్నది వాటిలో ఒకటి. అయితే అది వైద్యుడికి, రోగికి మధ్య మాట. జ్వరం తగ్గితే ఆ సంబంధం అక్కడితో సరి. వికలాంగుడి సంగతి అలా కాదు. బడి, హాస్టలు, ఆసుపత్రి, పింఛను ఆఫీసు, బస్ పాస్ కౌంటరు, ఇలా బతికినంతకాలం అతని పేరు ఎవరో ఒకరి పుస్తకంలో ఉంటూనే ఉంటుంది.

ఆ పుస్తకాన్ని మొదట తెరిచింది ఇంగ్లిషువాళ్ల జనాభా లెక్కలు. 1872 నుంచి 1931 వరకు ఇంటింటికీ వెళ్లి పిచ్చివాళ్లు, చెవిటి-మూగవాళ్లు, గుడ్డివాళ్లు, కుష్ఠురోగులు ఎందరని రాసుకున్నారు. జనం దాస్తున్నారని అధికారులు విసుక్కునేవారు. దాచక ఏం చేస్తారు? 1898లో కుష్ఠురోగుల చట్టం వచ్చింది. బిచ్చమెత్తుకునే కుష్ఠురోగి కనబడితే పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చు, డాక్టరు ధ్రువీకరిస్తే ఆశ్రమానికి తరలించవచ్చు. పేరు రాయించుకుంటే దక్కే లాభమేమీ లేదు, నష్టం మాత్రం కళ్లెదుటే ఉంది. ఆ చట్టాన్ని పూర్తిగా రద్దు చేసింది 2016లో! 1941 నుంచి జనాభా లెక్కల్లో ఆ ప్రశ్నే వదిలేశారు. అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం పుణ్యమా అని 1981లో అడిగారు, 1991లో మానేశారు, ఉద్యమాల ఒత్తిడితో 2001లో మళ్లీ చేర్చారు. ఆ ఏడు 2.19 కోట్లు, 2011లో 2.68 కోట్లు తేలారు.

జాబితా ఎంత దూరం పోగలదో జర్మనీ చూపించింది. నాజీ ప్రభుత్వం 1933లో చేసిన చట్టం కింద వంశపారంపర్య లోపాలున్నాయని దాదాపు 4 లక్షల మందికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేశారు. వాళ్ల పేర్లు ఇచ్చింది డాక్టర్లు, ఆశ్రమాలే. 1939లో ఆశ్రమాలకు ఫారాలు పంపారు: రోగి పేరు, జబ్బు, ఎన్నేళ్లుగా ఉన్నాడు, పని చేయగలడా, చూడటానికి ఎవరైనా వస్తారా. నింపినవాళ్లలో చాలామందికి ఆ వివరాలు ఎందుకో తెలియదు. ఎక్కడో కూర్చున్న డాక్టర్లు మనిషి మొహం చూడకుండా, ఆ కాగితం చూసి ఎర్ర సిరాతో కూడిక గుర్తు పెడితే చావు, నీలం గీత గీస్తే బతుకు. 1941 ఆగస్టులోగా 70 వేలమందికి పైగా చంపారు. వికలాంగుల పేర్లతో పట్టిక అనగానే యూరప్ ఎందుకు ఉలిక్కిపడుతుందో అర్థం కావాలంటే ఆ ఫారం గుర్తుండాలి. మనకు ఆ భయం లేదు. అందుకే మన పట్టికలు నోటీసు బోర్డుల మీద వేలాడుతుంటాయి.

మన దగ్గర స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం వికలాంగుల సేవ దయాధర్మంగానే నడిచింది. మిషనరీలు, ట్రస్టులు, దాతలు. దాతకు నివేదిక కావాలి, నివేదికకు కథ కావాలి, కథకు బొమ్మ కావాలి. అలా పిల్లవాడి పేరు, ఊరు, జబ్బు, తండ్రి తాగుబోతుతనం సహా వార్షిక సంచికలోకి ఎక్కేవి. అది తప్పని ఎవరికీ తోచలేదు. తిండి పెట్టినవాడికి ఫోటో తీసుకునే హక్కు ఉంటుందనుకున్నారు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. వార్షిక సంచిక పోయి వాట్సాప్ స్టేటస్ వచ్చింది, అంతే.

సంస్థల ఫైళ్లలో ఏముంటుందో బయటివాళ్లకు తెలియదు. మనోవికాస లోపమున్నవారి కోసం 1984లో సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ వచ్చాక పిల్లవాణ్ణి పద్ధతిగా అంచనా వేయడం, ఎవరికి తగ్గ పాఠం వారికి రాయడం తెలుగునాట ప్రత్యేక పాఠశాలలకూ వ్యాపించింది. మంచి పనే. కానీ ఆ అంచనా మొదలయ్యేది కేస్ హిస్టరీతో. మేనరికమా? కాన్పులో వెంటనే ఏడ్చాడా? అంతకుముందు గర్భాలు పోయాయా? తల్లిదండ్రుల వైపు ఎవరికైనా మూర్ఛ, మతిభ్రమ ఉన్నాయా? ఇంటి ఆదాయం ఎంత? పిల్లవాడు తనంతట తాను దొడ్డికి వెళ్తాడా? అమ్మాయైతే నెలసరి శుభ్రత ఎవరు చూస్తారు? ప్రతి ప్రశ్నకూ కారణం ఉంది. టీచరుకు, థెరపిస్టుకు అవన్నీ కావాలి. కానీ ఆ నాలుగు పేజీల్లో ఉన్నది పిల్లవాడి సంగతి ఒక్కటే కాదు. తల్లి కడుపుకోత ఉంది, తండ్రి అప్పులున్నాయి, రేపు చెల్లెలికి వచ్చే సంబంధం చెడగొట్టగల వాక్యం ఉంది. అంతటి కాగితం తాళం లేని బీరువాలో ఉంటుంది. సందర్శకులు వస్తే వాలంటీరు తీసి చూపిస్తాడు. పిల్లవాడి ముందే ‘వీడి ఐక్యూ ఇంతండీ’ అంటాడు. వాడికి అర్థం కాదనుకుంటారు. అర్థమవుతుంది.

1995 వికలాంగుల చట్టం వచ్చాక లెక్క మారింది. ఏడు రకాల వైకల్యాలు, 40 శాతం గీత. అప్పటినుంచి మనిషి ఒక పర్సంటేజీ. దయ హక్కుగా మారినందుకు సంతోషించాలి గానీ, ఆ హక్కు అందుకోవడానికి వెళ్లిన ప్రతిచోటా ఒంటి చరిత్ర చూపాలన్న షరతు వెంటే వచ్చింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇందులో దేశానికి ఒక అడుగు ముందుంది. 2009-10 ప్రాంతంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ ఆధ్వర్యంలో సదరం వచ్చింది. ‘సాఫ్ట్‌వేర్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ డిజేబుల్డ్’ అంటూ మొదలయ్యే పొడుగాటి ఇంగ్లిషు పేరుకు పొట్టి రూపం అది. జనం నోట అచ్చ తెలుగు మాటలా కుదిరిపోయింది. ‘సదరం ఉందా?’ అంటారు, రేషన్ కార్డు ఉందా అన్నట్టు. డాక్టరు పరీక్షించిన వివరాలు ఎక్కిస్తే శాతాన్ని కంప్యూటరే లెక్కగడుతుంది. చేతిరాత సర్టిఫికెట్ల కాలంలో సాగిన అమ్మకాలకు అది కళ్లెం వేసిందని ఒప్పుకోవాలి. కానీ ఊరూరి క్యాంపుల్లో పోగైన ఆ సమాచారం ఎన్నేళ్లు ఉంచుతారు, ఏ శాఖ చూడొచ్చు, చనిపోయినవారి వివరాలు ఏమవుతాయి అన్న ప్రశ్నలు క్యాంపు బయట ఎండలో నిలబడ్డవాళ్లకు రాలేదు. వాళ్ల ప్రశ్న ఒక్కటే: శాతం ఎంత పడింది?

ఇక్కడ పారదర్శకత అడ్డొచ్చింది. 2005 సమాచార హక్కు చట్టం లబ్ధిదారుల వివరాలు అడక్కుండానే బయట పెట్టమంటుంది. సామాజిక తనిఖీలకు పేరు తెచ్చింది కూడా ఆంధ్రప్రదేశే. గ్రామసభలో పేర్లు చదివితేనే దొంగ పింఛన్లు బయటపడతాయన్నది నిజం. వికలాంగుల సంఘాలు కూడా ఆ జాబితాలు చూసే బోగస్‌ల మీద పోరాడాయి. నాకు తోచేదేమిటంటే పేరు, అందిన సొమ్ము చాలు. పక్క గడిలో ‘మానసిక వ్యాధి’ అని రాసి సచివాలయం గోడకు అంటిస్తే దానితో తేలే అవినీతి ఏమీ లేదు. కంప్యూటర్లు వచ్చాక ఆ గోడ దేశమంత పెద్దదైంది. 2017 మేలో బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించి, 13 కోట్ల దాకా ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేలా పడి ఉన్నాయని చెప్పింది. వాటిలో ఒకటి వికలాంగుల పింఛను కూడా నడిచే జాతీయ సామాజిక సహాయ పథకానిది. రెండు ఆంధ్రప్రదేశ్‌వి.

చట్టం ఈలోగా నెమ్మదిగా కదిలింది. వికలాంగుల ఆరోగ్య, పునరావాస వివరాలను ఇతరులతో సమానంగా గోప్యంగా ఉంచాలని ఐక్యరాజ్య సమితి ఒడంబడిక 22వ అధికరణం చెబుతోంది. 2007 అక్టోబరులో మనం దాన్ని ఆమోదించాం. 2011లో ఐటీ చట్టం కింద వచ్చిన నిబంధనలు ఆరోగ్య స్థితిని సున్నితమైన సమాచారమన్నాయి. కానీ అవి వ్యాపారం, వృత్తి చేసే సంస్థలకు. ప్రభుత్వ శాఖను, ధర్మసంస్థను వాటి కిందికి తేవడం కష్టం. అంటే వికలాంగుల కాగితాలు ఎక్కువగా ఎవరి దగ్గరున్నాయో వాళ్లే జారిపోయారు. 2017 మంచి ఏడాది. ఏప్రిల్‌లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం చికిత్స వివరాలను రహస్యంగా ఉంచాలంది, సమ్మతి లేకుండా ఫోటో గానీ వివరం గానీ మీడియాకు ఇవ్వకూడదంది. ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. అదే ఏడాది అమల్లోకి వచ్చిన కొత్త వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. వాటితోపాటు దేశమంతటికీ ఒకే గుర్తింపు కార్డు, యూడీఐడీ. తెలంగాణ 2025లో సదరం నుంచి దానికి మారింది.

చట్టం మారినా చూసే కన్ను మారలేదు. 2024లో ఒక ట్రెయినీ ఐఏఎస్ సర్టిఫికెట్ మీద దుమారం రేగినప్పుడు, సంబంధం లేని ఇతర అధికారుల వైకల్యాలను సోషల్ మీడియాలో బోనెక్కించారు. ఎవరు నడుస్తున్నారు, ఎవరు పరిగెడుతున్నారని వీడియోలు పంచుకున్నారు. పాత గడిలోని ఫోటో మళ్లీ అడిగినట్టే ఉంది.

ఆస్ట్రేలియాలో వికలాంగుల సేవలో ఉన్న మనవాళ్లుంటే అడిగి చూడండి. 2013లో మొదలైన జాతీయ వైకల్య బీమా పథకం కింద అక్కడ సేవా సంస్థలు దుకాణాల్లా నడుస్తాయి. సపోర్ట్ వర్కర్ ప్రతి షిఫ్టు తర్వాత నోట్స్ రాయాలి. 1988 నాటి ప్రైవసీ చట్టం ఆరోగ్య సమాచారానికి గట్టి కాపలా పెట్టింది. చిన్న వ్యాపారాలకు మినహాయింపు ఉన్నా ఆరోగ్య సేవలిచ్చేవారికి లేదు. తీవ్రమైన లీకైతే బాధితులకు చెప్పి తీరాలి. అయినా 2022లో ఈ సంస్థలకు సాఫ్ట్‌వేర్ నడిపే కంపెనీ నుంచి డేటా దొంగిలించారు. వాళ్ల దగ్గర నాకు నచ్చినది వేరే ఉంది. వికలాంగులపై హింస గురించి విచారించిన రాయల్ కమిషన్ ముందు చాలామంది నోరు విప్పడానికి భయపడ్డారు, కమిషన్ మూతపడ్డాక తమ మాటలు ఎవరి చేతిలో పడతాయోనని. వాళ్లు పట్టుబట్టడంతో 2021లో చట్టం సవరించి, రహస్యంగా చెప్పిన మాటలను 99 ఏళ్లపాటు మూసి ఉంచుతామన్నారు.

మన డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నిబంధనలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. ధర్మసంస్థ అయినా సరే, కంప్యూటర్లోకో ఫోన్లోకో ఎక్కించిన వివరాలకు జవాబు చెప్పాలి. అది మేలే. కానీ తొమ్మిదో సెక్షన్ చూడండి: సంరక్షకుడున్న వికలాంగుణ్ణి పిల్లల సరసన కూర్చోబెట్టి, సమ్మతి సంరక్షకుణ్ణి అడగమంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమేమో సంరక్షకుడు ఆ మనిషితో కలిసి, అతని ఇష్టం కనుక్కుని నిర్ణయించాలంటుంది. అప్పుడు పార్లమెంటు ఇచ్చిన గొంతును ఇంకో చట్టం ఇంటిపెద్దకు తిరిగి అప్పగించింది. ఇంటి గుట్టు మళ్లీ గెలిచింది. ఇంకో విచిత్రం, సమాచార హక్కులో వ్యక్తిగత వివరాలకు తలుపు మూసే సవరణ వెంటనే అమలైంది. వివరాలిచ్చిన మనిషిని కాపాడే సెక్షన్లకు మాత్రం 18 నెలల గడువు పెట్టారు.

ఆ గడువు 2027 మేలో తీరుతుంది. అందాకా ఆగక్కర్లేదు. మీ బిడ్డ ప్రత్యేక పాఠశాలకో థెరపీ సెంటరుకో వెళ్తుంటే, ఒకరోజు వెళ్లి ఫైలు చూపించమని అడగండి. ఏం రాశారో చదవండి, ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి, సంస్థ బ్రోచర్లో ఎవరి ఫోటో ఉందో చూడండి. వీలైతే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.