‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్

మన గ్రంథాలయమునకు వచ్చువారిలో వార్తాపత్రిక చదువుటకై వచ్చువారే అధికులు. పురాణములు, ప్రబంధములు బీరువాలలో విశ్రమించుచుండగా పత్రిక మధ్యాహ్నమునకే నలిగిపోవును. కావున ఈ రజతోత్సవ సంచికలో ఒక పత్రికా సంపాదకుని స్మరించుట ఉచితమని తలంచితిని. ఆయన తెలుగు నేలపై పుట్టి, ఉర్దూలో వ్రాసి, వ్రాసినందులకే ప్రాణమును కోల్పోయినవాడు.

షోయబుల్లాఖాన్ 1920 అక్టోబరు 17వ తేదీన నాటి వరంగల్లు జిల్లాలో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. ఆ పట్టముతో సర్కారు కొలువు వెదకికొనక పత్రికావృత్తిని చేపట్టి, మొదట ‘తేజ్’లోను, అది నిషేధింపబడగా మందుముల నరసింగరావుగారి ‘రయ్యత్’లోను పనిచేసెను.

ఈ ‘రయ్యత్’ అను శబ్దమే మన నోట ‘రైతు’ అయినది. గ్రామలెక్కలు వ్రాయు మావంటివారికి పహాణీ, ఖాస్రా, జమాబందీ అను మాటలు లేనిదే కలము సాగదు. అక్షరము రాని సేద్యగాడు సైతము వీనిని పరాయి మాటలని యెంచడు. ఉర్దూ ముస్లిములది, తెలుగు హిందువులది అను పంపకమును మన పొలముగట్లు ఎరుగవు. అట్టిచో హిందువైన న్యాయవాది ఉర్దూ పత్రికను నడపుటయు, ముస్లిము యువకుడు అందులో వ్రాయుటయు నాటివారికి వింత కాలేదు. వింతగా తోచుట మన కాలపు లోపము.

‘రయ్యత్’ కూడ ప్రభుత్వాగ్రహమునకు గురియై నిలిచిపోయెను. అంతట బహుభాషా పండితులైన బూర్గుల రామకృష్ణారావుగారి తోడ్పాటుతో షోయబుల్లాఖాన్ 1947 నవంబరు 15వ తేదీన ‘ఇమ్రోజ్’ను స్థాపించెను. ‘ఇమ్రోజ్’ అనగా పారసీకమున ‘నేడు’. ఆ నేడు ఎట్టిదనగా, దేశము స్వతంత్రమైనను నైజాము సంస్థానము అందు చేరలేదు. కాశింరజ్వీ నాయకత్వమున రజాకారులు పల్లెలపై పడుచుండిరి. తెలుగువారికి ఈ సంగతి చెప్పుటకు 1926 నుండియు ‘గోలకొండ పత్రిక’ కలదు. కాని నగరములోని ముస్లిము గృహములకు, కచేరీలలోని ఉద్యోగులకు వారి భాషలో, వారిలో ఒకడై చెప్పువాడు కావలెను. ఆ పని సులభమైనది కాదు. పరులను నిందించిన ఇంటివారు మెచ్చుకొందురు. ఇంటివారి తప్పును ఇంటిలో చెప్పినవానికే కష్టము.

పగలొక ప్రభుత్వము, రాత్రి యొక ప్రభుత్వము నడచుచున్నవని 1948 జనవరిలో ఆయన వ్రాసెను. రాత్రి ప్రభుత్వమనగా రజాకారులదే. ఆగష్టులో ఏడుగురు ముస్లిము ప్రముఖులు రజాకారు దళమును రద్దుచేసి సంస్థానమును భారతదేశమున కలుపుమని కోరుచు ప్రకటన చేయగా, ‘ఇమ్రోజ్’ దానిని ప్రచురించెను. బెదరింపు జాబులు వచ్చెను. ఎదిరించి వ్రాయు చేతులు నిలువరాదను అర్థమున రజ్వీ సభలో పలికెను.

ఆగష్టు 21వ తేదీ రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట పని ముగించుకొని, బావమరది ఇస్మాయిల్‌ఖానుతో ఇంటికి మరలుచుండగా, కాచిగూడ సమీపమున దుండగులు తుపాకితో కాల్చి చేయి నరికిరి. అడ్డుపడిన ఇస్మాయిల్‌ఖాను కూడ చేతిని పోగొట్టుకొనెను. తెల్లవారకమున్నే షోయబుల్లాఖాన్ మరణించెను. అప్పటికి ఆయనకు ఇరువదియేడేండ్లు. ‘ఇమ్రోజ్’కు తొమ్మిది మాసములు. మరి ఇరువదిరెండు దినములకు, సెప్టెంబరు 13న, భారత సైన్యము సంస్థానమున ప్రవేశించెను. 17న నైజాము లొంగిపోయెను.

ఇచట కథ ముగించుట పరిపాటి. కాని పిదప జరిగినదియు చెప్పవలెను. రజాకారుల పాపమునకు ఏమియు ఎరుగని ముస్లిములు పలుచోట్ల, ముఖ్యముగా మరాఠీ జిల్లాలలో, ప్రాణములను, ఆస్తులను కోల్పోయిరి. భారత ప్రభుత్వము పంపిన పండిత సుందర్‌లాల్‌గారి సంఘము విచారించి నివేదిక సమర్పించెను. అది చిరకాలము వెలుగు చూడలేదు. షోయబుల్లాఖాన్ జీవించియున్నచో ఆ శరదృతువున ‘ఇమ్రోజ్’ ఏమి వ్రాసియుండునో ఊహించుట కష్టము కాదు. ఆయన కలము ఒక పక్షమునకు అమ్ముడుపోయినది కాదు గదా! రెండు వైపులవారికిని ఆ కలము మిక్కిలి అవసరమైన దినములలోనే అది లేకపోయెను.

మన ఊరిలో ఉర్దూ లిపిని చదువగల వృద్ధులు ఇంకను ఇద్దరు ముగ్గురు కలరు. ‘ఇమ్రోజ్’ ప్రతులు ఎచటనైన లభించినచో తెప్పించి, వారిచే చదివించి, తెలుగున వ్రాయించి మన బీరువాలో ఉంచవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాను. వ్రాతపని నేను చేసెదను.