కుటుంబ న్యాయవాద శిక్షణ: సిద్దిపేట

విడాకులు, మనోవర్తి, పిల్లల సంరక్షణ, గృహహింస, ఆస్తి పంపకాల కేసులు ప్రధానంగా నడిపే వకీలును కుటుంబ న్యాయవాది అంటారు. సిద్దిపేటలోనే కాదు, దేశంలో ఎక్కడా ఈ పనికంటూ వేరే పట్టా, వేరే లైసెన్సు లేవు. ఇంగ్లండులో బారిస్టరు కాదలచినవారు బార్ కోర్సు చదివి, పైన ఏడాది శిష్యరికం పూర్తి చేయాలి. ఇక్కడ 1961 నాటి అడ్వకేట్ల చట్టం న్యాయవాదుల్లోని పాత తరగతులను తీసేసి అందరినీ అడ్వకేట్లుగానే ఉంచింది. మొదట ఆ చట్టంలోనే శిక్షణ నిబంధన ఉండేది; 1973 సవరణతో పోయింది. భారత బార్ కౌన్సిల్ 1995లో ఏడాది శిక్షణను తిరిగి తెచ్చినా, అలాంటి నిబంధన పెట్టే అధికారం దానికి లేదని సుప్రీంకోర్టు 1999లో వి. సుధీర్ కేసులో కొట్టేసింది. దాంతో పని నేర్పే భారమంతా సీనియర్ ఆఫీసు మీద పడింది. ఎవరికి ఎలాంటి సీనియర్ దొరుకుతారన్నది చాలావరకు అదృష్టమే.

చదువు, నమోదు

డిగ్రీ తర్వాత మూడేళ్లు, ఇంటర్ తర్వాత ఐదేళ్లు ఎల్ఎల్‌బీ చదవాలి. ప్రవేశం రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్ ద్వారా. ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాల న్యాయ కళాశాలలు ఈ జిల్లా విద్యార్థులకు అందుబాటులో ఉన్నవి. జాతీయ ప్రవేశ పరీక్ష క్లాట్ రాసి చేరే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం సిద్దిపేట నుంచి హైదరాబాద్ వెళ్లే రాజీవ్ రహదారి పక్కన, శామీర్‌పేటలోనే ఉంది. కుటుంబ చట్టం రెండు తప్పనిసరి పేపర్లు. దావా పత్రాల రచన, మూట్ కోర్టు, ఇంటర్న్‌షిప్ కూడా పాఠ్యాంశాలే.

పట్టా వచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. జనరల్ వర్గానికి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి నమోదు రుసుము తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2024 జూలైలో తేల్చింది. ఆపై అఖిల భారత బార్ పరీక్ష. 2011లో మొదలైన ఈ పరీక్ష చెల్లుతుందని 2023లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

ఆఫీసులో నేర్చేది

ఫ్యామిలీ కోర్టు లేని పట్టణంలో హిందూ వివాహ చట్టం కింద వేసే ఓపీలు (ఒరిజినల్ పిటిషన్లు) సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వెళ్తాయి. మనోవర్తి ఎంసీలు (మెయింటెనెన్స్ కేసులు), గృహహింస డీవీసీలు (డొమెస్టిక్ వయొలెన్స్ కేసులు) మేజిస్ట్రేటు ముందుకు వస్తాయి. ఒకే ఇంటి గొడవ మూడు నంబర్లతో, మూడు వాయిదాలతో నడుస్తుంది. ఒకచోట వేసిన కౌంటర్‌లోని మాట ఇంకోచోట క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదురు తిరగకుండా చూసుకోవడం జూనియర్‌కు తొలి పాఠం. కేసు ఎక్కడ వేయాలన్నది రెండోది. భర్త హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా, భార్య సిద్దిపేటలో తల్లిగారింట ఉంటే ఇక్కడే వేయవచ్చని 2003 సవరణ చెబుతోంది. భర్త ముందే అక్కడ కేసు వేసి ఉంటే, దాన్ని ఇక్కడికి బదిలీ చేయమని హైకోర్టును అడగాలి.

చట్టం పుస్తకం చేతిలో ఉన్నా జూనియర్లు తడబడేది పెద్దమనుషుల కాగితం దగ్గర. ఊళ్లో పంచాయితీ జరిగి, పెట్టుబోతలు తిరిగిచ్చి, స్టాంపు కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టి విడిపోయామంటారు. హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారం ప్రకారం జరిగే విడాకులను కాపాడుతుంది. అయితే ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని దావాలో చెప్పాలి, సాక్ష్యంతో రుజువు చేయాలి. రుజువు కాకపోతే ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు. దాన్ని నమ్మి చేసుకున్న రెండో లగ్గం చెల్లదు. క్లయింటు చూపిన కాగితం ఏ తేదీది, ఆ తర్వాత ఎవరు ఎవర్ని చేసుకున్నారు అని మొదటే అడగని వకీలు చిక్కుల్లో పడతాడు.

అక్కన్నపేట వైపు తండాల నుంచి వచ్చే కేసులు మరో రకం. కేంద్రం నోటిఫై చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని 2(2) సెక్షన్ చెబుతోంది. లంబాడీలు తెలంగాణలో ఎస్టీలు. కాబట్టి ఓపీ రాసే ముందు పెళ్లి ఏ పద్ధతిలో జరిగిందో కనుక్కోక తప్పదు.

మనోవర్తికి 2020 నాటి రజనీశ్ – నేహా తీర్పు ప్రకారం ఇరుపక్షాలూ ఆస్తిపాస్తుల అఫిడవిట్ వేయాలి. వ్యవసాయదారులకు అందులో వేరే నమూనా ఉంది. భూమి తరి, ఖుష్కి వివరాలు, పంట, పశువులు, అప్పులు అన్నీ అడుగుతుంది. ఈ ప్రాంతంలో పనికొచ్చేది ఎక్కువగా అదే. వ్యవసాయేతరుల నమూనానే నింపేస్తే, పాసుపుస్తకంలో ఉన్న నాలుగెకరాల పంట వివరాలు సరిగా లెక్కకు రావు.

పంపకాల దావాల్లో తెలుగు నేలకు సొంత చరిత్ర ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986 సవరణతో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తింపజేసింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. ఆడబిడ్డ పెళ్లి ఏ సంవత్సరంలో అయిందన్నది పాత చట్టం కింద కీలకం కనుక, పాత డిక్రీలు చదివే జూనియర్‌కు ఈ రెండు తేదీలూ నోటికి రావాలి. అలాగే సినీనటి సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి 1983లో దాంపత్య హక్కుల పునరుద్ధరణ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమన్నారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. కడప సబ్ కోర్టులో మొదలైన ఆ వివాదాన్ని లా కాలేజీల్లో నేటికీ చదువుతారు.

వాదన, రాజీ

1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఆ కోర్టులో వకీలును పెట్టుకోవడం హక్కు కాదు. పిటిషన్ వేసి అనుమతి తీసుకోవాలి. ముందు రాజీకి ప్రయత్నించడం కోర్టు విధి. కాబట్టి గెలిచే పట్టుదలతో పాటు ఎక్కడ ఆగాలో తెలియడమూ ఈ వృత్తిలో నైపుణ్యమే. పరస్పర అంగీకార విడాకుల్లో ఆరు నెలల గడువును తగిన సందర్భంలో మాఫీ చేయవచ్చని 2017 నాటి అమర్‌దీప్ సింగ్ తీర్పు చెబుతోంది. రాజీ కుదిరినప్పుడు బంగారం, పిల్లల చదువు, పెండింగ్ కేసుల ఉపసంహరణ అన్నీ ఒకే పత్రంలో రాయించడం సీనియర్ల పద్ధతి.

ఆదాయం, తొలి కేసులు

జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయల కనీస స్టైపెండ్ ఇవ్వాలని భారత బార్ కౌన్సిల్ 2024లో సూచించింది. అది సలహా మాత్రమే. సిద్దిపేటకు 2016లో జిల్లా హోదా, 2022 జూన్ 2న రాష్ట్రమంతా జరిగిన పునర్వ్యవస్థీకరణలో సొంత జ్యుడీషియల్ జిల్లా వచ్చాయి. అంతకుముందు ప్రధాన జిల్లా కోర్టు సంగారెడ్డిలో ఉండేది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌లో చేరే యువ వకీళ్లకు సొంతంగా నడిపే తొలి కేసులు తరచుగా అక్కడే దొరుకుతాయి. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలందరూ ఉచిత న్యాయ సహాయానికి అర్హులు కావడంతో, ఆ ప్యానెల్‌కు వచ్చే ఫైళ్లలో మనోవర్తి, గృహహింస కేసులూ ఉంటాయి.