జమీందారీ రద్దు, మిగిలిన తగవు: ‘మా భూమి’ నుంచి నూజివీడు తోటల దాకా

రెండవ ప్రపంచ యుద్ధానంతర బ్రిటిష్ నాటకంలో వర్గ సంఘర్షణ అనగానే విమర్శకులు 1956 మే 8న లండన్ రాయల్ కోర్టు రంగస్థలం మీద మొదలైన జాన్ ఆస్బోర్న్ నాటకం ‘లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’ను ప్రస్తావిస్తారు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1947లో, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ‘మా భూమి’ రచించారు. ప్రజానాట్యమండలి దళాలు దానిని పల్లెపల్లెకూ తీసుకువెళ్లాయి. ఎవరు ముందన్నది ఇక్కడ ప్రధానం కాదు. చట్టం పాత వర్గ సంబంధాన్ని మార్చాక మిగిలిన తగవును నాటకం అందుకొన్నదా అన్నదే పరిశీలించదగిన విషయం.

దీనికి నూజివీడు తగిన నేపథ్యం. చిన్న రసాలకు పేరుపడిన ఈ మెట్ట ప్రాంతం మేకా వంశపు అప్పారావుల జమీందారీ. 1908 నాటి ఎస్టేటు భూముల చట్టం రైతుకు సాగు హక్కు కల్పించినా జమీందారీ ప్రాంతాలలో శిస్తు, బంజరు తగవులు తెగలేదు. ప్రకాశం కమిటీ 1938లో భూమి రైతుదేనని తేల్చినా అది వెంటనే శాసనం కాలేదు. ‘మా భూమి’కి ముందే సుంకర, వాసిరెడ్డి ‘ముందడుగు’ రాశారు. ‘మా భూమి’లో వారి దృష్టి పొలిమేర దాటి నిజాం రాజ్యంలోని దేశ్‌ముఖ్ మీదికి మళ్లింది. కృష్ణా ప్రేక్షకుడు ఆ గడీలో తనకు తెలిసిన కోటను పోల్చుకొనే ఉంటాడు. మద్రాసు ప్రభుత్వం ఈ నాటకాన్ని నిషేధించడాన్ని ఆ కోణం నుంచి చూడాలి. (1979 నాటి గౌతమ్ ఘోష్ చలనచిత్రం ‘మా భూమి’కి మూలం ఈ నాటకం కాదు, కిషన్ చందర్ ఉర్దూ నవల. ఈ రెంటినీ కలిపివేయడం నేటికీ కనబడుతుంది.)

1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం రైతుకు రైత్వారీ పట్టా ఇచ్చింది. కాని సొంత సేద్యపు కమతంగా రుజువైన భూమి జమీందారుకే మిగిలింది. ఒక నేల జిరాయితీయా, కమతమా అన్న ప్రశ్న సెటిల్‌మెంటు అధికారి బల్ల మీదికి చేరింది. తోటల విషయంలో ఇది మరింత చిక్కు: మామిడి ఏటా విత్తే పైరు కాదు, చెట్టు వయసే హక్కుకు సాక్ష్యమౌతుంది. గొంతెత్తి అరవవలసిన సంఘర్షణ అర్జీగా, వాంగ్మూలంగా మారింది. వేదికకు అది లొంగదని తోస్తుంది.

ఇంగ్లండులో జరిగింది వేరు. 1945లో గెలిచిన లేబర్ ప్రభుత్వం సంక్షేమ రాజ్యాన్ని నిర్మించాక కూడా జిమ్మీ పోర్టర్ కోపం చల్లారలేదు. చదువు దొరికినా వర్గం మారలేదన్నదే ఆ కోపం. ఆర్నాల్డ్ వెస్కర్ 1959 నాటి ‘రూట్స్’లో నార్ఫోక్ వ్యవసాయ కూలి కుటుంబాన్ని వారి మాండలికంతోనే వేదిక మీదికి తెచ్చాడు. లార్డ్ ఛాంబర్లేన్ అనుమతి నిబంధన 1968 దాకా తొలగకపోయినా, చట్టం వదిలిన శేషం అక్కడ నాటక వస్తువైంది.

తెలుగులో ‘మా భూమి’ అంత వ్యాప్తి పొందిన రచన ఆ శేషం మీద వెలువడలేదు. దీనికి నిషేధాన్ని ఒక్కదాన్నే కారణంగా చూపడం తేలిక, అది చాలదు. పట్టా పొందిన రైతే తరువాత కూలి పెట్టుకొనే యజమాని అయ్యాడు. నిన్నటి కథానాయకుడిని ప్రతినాయకుడిగా చూపడం ఆ శిబిరానికి కష్టమై ఉండాలి. పూత మీదనే తోటను గుత్తకు పుచ్చుకొనే వర్తకుడు, కాపు దిగేదాకా చెట్ల కింద పాకలో కాపురముండే కావలి కుటుంబం, కోత ముగిస్తే పని ముగిసే కూలి, ధర పడిపోతే వీరందరి వైపూ చూడలేని చిన్న రైతు: నూజివీడులో ఈ పాత్రలు ఏటా వేసవికి ముందే సిద్ధమౌతాయి.