భరద్వాజ్ దయాల మోటార్‌సైకిల్ యాత్ర

విశాఖపట్నం వాసి భరద్వాజ్ దయాల 2006లో హీరో హోండా కరిజ్మాపై ఒంటరిగా బయలుదేరి, దాదాపు ఏడాదిన్నరలో సుమారు 47,000 కిలోమీటర్లు తిరిగి ప్రపంచాన్ని చుట్టివచ్చారు. ఆఫ్రికాలో ఆయన దారి ఈజిప్టు మీదుగా సాగింది. కరిజ్మా 223 సీసీ బండి. ఎడారి కోసం కాదు, తారురోడ్డు కోసం చేసింది. తెలుగువారి యాత్రాచరిత్రలో ఈ సాహసానికి దక్కాల్సినంత చోటు ఇంకా దక్కలేదు.

అలాంటి యాత్రకు దారుల తీరు ముందే తెలియాలి. విజయవాడలోని భవానీపురం దగ్గర 65వ జాతీయ రహదారి ఎక్కి హైదరాబాదు వెళ్లేవారికి గోతులే పెద్ద బాధ. ఆఫ్రికా మట్టిదారుల్లో అంతకంటే వేధించేవి రోడ్డుకు అడ్డంగా వరసగా లేచే చిన్న చిన్న గట్లు. ఆ అదురుకు నట్లు వదులవుతాయి, లగేజీ క్యారియర్ వెల్డింగు విరుగుతుంది. అందుకే రోజూ సాయంత్రం స్పానరు పట్టి ప్రతి నట్టూ బిగించుకోవాలి. ఇసుకలో టైర్ల గాలి కొంత తగ్గిస్తే పట్టు దొరుకుతుంది; తారెక్కగానే మళ్లీ కొట్టించాలి. ఈజిప్టులోకి బండి తీసుకెళ్లాలంటే కార్నె అనే కస్టమ్స్ పత్రం తప్పనిసరి.