మా ఊరికి స్థలపురాణం లేదా?

"మీ ఊరి చరిత్ర రాసుకురండి" అని మా మనవరాలికి బళ్ళో పని ఇచ్చారు. అది పుస్తకం నా ముందు పడేసి, "కృష్ణానగర్ కూడా ఒక ఊరేనా అమ్మమ్మా?" అంది.

నాకు చురుక్కుమంది. నలభై ఏళ్ళ కాపురం నాది ఇక్కడ!

నిజమే, కోట లేదు, కోనేరు లేదు, కాకతీయులు వేయించిన శాసనమూ లేదు. కానీ ఊరు పుట్టాలంటే రాజే కావాలా, చెప్పండి? బావి చుట్టూ పుట్టే ఊళ్ళున్నాయి, సంత చుట్టూ పుట్టేవీ ఉన్నాయి. మాది షూటింగు వ్యాను చుట్టూ పెరిగిన ఊరు.

1956లో హైదరాబాదు రాజధాని అయింది గానీ, పుట్టిల్లు వదలని కొత్తకోడల్లా సినిమా మద్రాసులోనే కూర్చుంది. అమీర్‌పేటలో సారథి స్టూడియో వెలిసింది. అక్కడ తీసిన 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో విడుదలైంది. పూర్తిగా హైదరాబాదులో తయారైన తొలి తెలుగు చిత్రం అదేనంటారు. అయినా మద్రాసు రైళ్ళు ఖాళీ కాలేదు. 1976లో బంజారాహిల్స్ రాళ్ళగుట్టల్లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో మొదలయింది. ఇల్లాలి పేరున ఇల్లు కట్టేవాళ్ళను చూశాం, స్టూడియో కట్టడం ముచ్చట కాదూ! తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. పరిశ్రమ మెల్లిమెల్లిగా మూటాముల్లె సర్దుకుని ఇటు కదిలింది.

తారలు గుట్టమీద మేడలు కట్టుకున్నారు. మరి లైట్లు మోసేవాళ్ళు, రవికెలు కుట్టేవాళ్ళు, గుంపులో నిలబడేవాళ్ళు ఎక్కడుండాలి? తెల్లవారుజామున నడిచి వెళ్ళేంత దగ్గర కావాలి, అద్దె జేబుకు అందాలి. అందుకే గుట్ట దిగి, యూసఫ్‌గూడ పక్కన ఒక్కో గదిలో నలుగురేసి సర్దుకున్నారు. వాళ్ళ వెనకే మెస్సులు, దర్జీలు, టీకొట్లు వచ్చాయి. 2008లో వచ్చిన 'నేనింతే'లో ఈ బతుకులు కొంత తెరకెక్కాయి కూడా.

మా కిందింటి వదినగారు ఎన్ని సినిమా పెళ్ళిళ్ళలో అక్షింతలు వేసిందో లెక్కలేదు. పేర్లు పడేటప్పుడు మాత్రం ఆవిడ పేరు ఏనాడూ పడలేదు. "కూతురి పెళ్ళిలో అక్షింతలు తీసుకుని, కట్ అనేదాకా వెయ్యకూడదేమోనని నిలబడిపోయాను వదినా" అని ఓసారి నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఇదంతా విని మా పిల్ల, "అయితే ఊరు కట్టినవాళ్ళ దగ్గర ఆవిడ పేరు రాయనా?" అంది.

"ముందు వెళ్ళి అడుగు" అన్నాను.

పుస్తకం పట్టుకుని కిందికి దిగి రెండు గంటలైంది. వాళ్ళ నవ్వులు మేడమీదికి వినపడుతున్నాయి. ఇక్కడ అన్నం చల్లారిపోతోంది.