దక్కనీ యురుదునందలి క్రియాద్వయము

1565 నాఁటి రాక్షసి తంగడి యుద్ధము పిమ్మట అనంతపురసీమకుఁ గ్రమముగా దక్కను సుల్తానుల యేలుబడియు, దానితో దక్కనీ యురుదును వచ్చెను.

ఇందలి ‘గిర్ గయా’ మన ‘పడిపోయెను’నకును, ‘లిఖ్ లియా’ ‘వ్రాసికొనెను’నకును సరిపోవుటఁ జూచి, యిది తెనుఁగు సాంగత్యఫలమని తలఁపవచ్చును. కాని యీ క్రియాద్వయము ఢిల్లీ యురుదునందును గలదు. కావున సాక్ష్యము కాఁజాలదు.

నిజమగు సాక్ష్యము ‘బోల్‌కే’ యను క్త్వార్థకము. ఉత్తరదేశపుటురుదు అనుకృతవాక్యమునకు ముందు ‘కి’ యను నవ్యయము నుంచును. దక్కనీయో, ‘చెప్పి’ యని యర్థమిచ్చు ‘బోల్‌కే’ను, తెనుఁగు ‘అని’వలె, దాని చివర నిలుపును. ‘వచ్చెదనని చెప్పెను’ అనుట ‘ఆతూఁ బోల్‌కే బోల్యా’ యగును. అయినను కన్నడపు ‘ఎందు’, మరాఠీ ‘మ్హణూన్’ కూడ నిట్టివే. కావున నీ రూపము తెనుఁగొక్కటి యిచ్చిన ఋణము గాదు. దక్కను భాషల యుమ్మడి సొత్తు.